పాస్టరు తప్పు చేస్తే క్రీస్తు అబద్ధమవుతాడా?

ఒక పాస్టరు మీద కేసు పెట్టారనో, సంఘం డబ్బు మాయమైందనో, చర్చి స్థలం కోసం రెండు వర్గాలు కోర్టుకెక్కాయనో వార్త వచ్చిన ప్రతిసారీ అదే వాదన మొదలవుతుంది. బయటివాళ్ళు "ఇదేనా మీ మతం నేర్పింది?" అంటారు. లోపలివాళ్ళలో చాలామంది "వాళ్ళు నిజమైన క్రైస్తవులు కారు, నామకార్థ క్రైస్తవులు" అంటారు. ఇంకొందరు "మనుషుల్ని చూడకండి, క్రీస్తును చూడండి" అని మాట ముగిస్తారు. ఏమీ తేలదు. ఇంకో వార్త వచ్చేదాకా వాదన పక్కకు పోతుంది.

ఈ ప్రశ్న క్రైస్తవ్యానికి చాలా పాతది. సుమారు 1,700 ఏళ్ళ క్రితం ఉత్తర ఆఫ్రికాలో సంఘం దీని మీదే రెండుగా చీలింది. వందేళ్ళు దాటినా ఆ చీలిక మానలేదు. ఆ గొడవలో తేలిన జవాబు ఇప్పుడు మనకు వినిపించే జవాబుల కన్నా గట్టిది. మింగడానికి కాస్త చేదుగా కూడా ఉంటుంది. అందుకేనేమో దాన్ని ఎప్పుడూ సగమే చెబుతుంటారు.

303 ఫిబ్రవరిలో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ ఒక ఆజ్ఞ వేశాడు. చర్చిలను పడగొట్టాలి, క్రైస్తవుల లేఖనాలను స్వాధీనం చేసుకుని తగలబెట్టాలి. ఆ మే 19న సిర్టా పట్టణంలో, అంటే ఇప్పటి అల్జీరియాలోని కాన్‌స్టంటీన్‌లో, అధికారులు సంఘం కూడుకునే ఇంటిని సోదా చేశారు. అప్పుడు రాసిన జాబితా నేటికీ మిగిలి ఉంది. బంగారు గిన్నెలు 2, వెండి గిన్నెలు 6, దీపాలు, ఆడవాళ్ళ దుస్తులు 82, మగవాళ్ళవి 16, ఆడవాళ్ళ పాదరక్షలు 47 జతలు. బట్టలు, చెప్పులు బహుశా పేదలకు పంచడానికి దాచినవి. బిషప్ పౌలు కూర్చుని చూస్తుండగానే ఇవన్నీ బయటికొచ్చాయి. లేఖనాల ప్రతులు ఆరాధనలో వాటిని చదివి వినిపించేవాళ్ళ ఇళ్ళల్లో ఉన్నాయి. అధికారులు ఇల్లిల్లూ తిరిగి అవీ రాబట్టారు. ప్రాణాలిచ్చినా పుస్తకం ఇవ్వనివాళ్ళు ఆ రోజుల్లో కొందరు ఉన్నారు, భయపడి ఇచ్చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉత్తర ఆఫ్రికాలోని పెద్ద నగరం కార్తేజ్‌కు బిషప్ అయిన మెన్సూరియస్ మధ్యేమార్గం కనిపెట్టాడు. లేఖనాలు దాచేసి, సంఘం తప్పుడు బోధలని తోసేసిన పుస్తకాలను వాటి చోట పెట్టాడు. అధికారులు వాటినే పట్టుకుపోయారు.

హింస ఆగాక అసలు గొడవ మొదలైంది. మెన్సూరియస్ చనిపోయాక, 311 ప్రాంతంలో కెసీలియన్ అనే ఆయన్ని కార్తేజ్ బిషప్‌గా అభిషేకించారు. అభిషేకించినవాళ్ళలో ఫెలిక్స్ అనే బిషప్ ఉన్నాడు. అతను హింస రోజుల్లో లేఖనాలు అప్పగించాడని ఆరోపణ. నుమీడియా ప్రాంతపు బిషప్పులు సుమారు 70 మంది కూడి తీర్పు చెప్పారు: ద్రోహి చేతి మీదుగా జరిగిన అభిషేకం చెల్లదు, కెసీలియన్ బిషప్పే కాడు, అతనితో సహవాసం చేసేవాళ్ళందరూ అపవిత్రులే. పోటీగా ఇంకో బిషప్‌ను నిలబెట్టారు. అతని తర్వాత వచ్చిన డొనాటస్ పేరు మీదే ఆ వర్గాన్ని డొనాటిస్టులు అన్నారు. వాళ్ళ వాదంలో ఒక నిజాయితీ కనిపిస్తుంది. ప్రాణాలిచ్చిన వాళ్ళ సమాధుల పక్కనే, ప్రాణాలకు భయపడి పుస్తకం అప్పగించినవాడు రొట్టె విరుస్తుంటే చూడటం ఎవరికైనా కష్టమే.

ఇప్పుడు "వాళ్ళు నిజమైన క్రైస్తవులు కారు" అనే జవాబును ఈ వాదం పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటేనని తెలుస్తుంది. తప్పు చేసినవాళ్ళను లెక్కలోంచి తీసేస్తే మిగిలేది శుద్ధమైన సంఘమని డొనాటిస్టులు అనుకున్నారు. ఇప్పుడు ఆ జవాబు చెప్పేవాళ్ళూ అదే చేస్తున్నారు. కాకపోతే వాళ్ళకు ఆ పేరు తెలియదు. ఈ జవాబుకు లోకంలో ఏ మతాన్నయినా, ఏ పార్టీనయినా కాపాడే శక్తి ఉంది. మంచి చేసినవాడు మావాడు, చెడ్డ చేసినవాడు మావాడు కాడు అనుకుంటే ఇక ఎవరూ ఎన్నడూ ఓడిపోరు. అంత సులువుగా గెలిచే వాదనకు విలువ ఉండదు.

శుద్ధి లెక్కలు ఎక్కడికి పోతాయో చరిత్రే చూపించింది. కెసీలియన్‌ను తోసేసిన సభకు పెద్దగా ఉన్న సెకుండస్, అంతకు కొన్నేళ్ళ ముందు సిర్టాలో ఇంకో సభ నడిపాడు. లేఖనాలు ఎవరు అప్పగించారని అక్కడ ఒక్కొక్కరినీ అడిగితే, వచ్చిన బిషప్పుల్లోనే చాలామంది దోషులని తేలింది. పుర్పూరియస్ అనే బిషప్ మీద ఏకంగా ఇద్దరు మేనల్లుళ్ళను చంపాడన్న ఆరోపణ ఉంది. అడిగితే, తనకు అడ్డొచ్చిన వాళ్ళను చంపానని, చంపుతానని బెదిరించాడట. చివరికి సభ ఎవరి లెక్క వాళ్ళు దేవుడికి చెప్పుకోవాలని సర్దుకుంది. వీళ్ళలో కొందరే తర్వాత కార్తేజ్‌లో కూర్చుని ఫెలిక్స్ ద్రోహి అన్నారు. పైగా ఫెలిక్స్ మీద చూపించిన ఉత్తరంలో దొంగ రాత ఉందని విచారణలో బయటపడి, అతను నిర్దోషిగా తేలాడు.

314లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో పశ్చిమ సంఘాల బిషప్పులు సమావేశమై ఒక నియమం రాశారు. ఈ వ్యాసానికి ఆయువుపట్టు ఆ నియమమే. అందులో రెండు సగాలు ఉన్నాయి. లేఖనాలను గానీ, పవిత్ర పాత్రలను గానీ, తోటి విశ్వాసుల పేర్లను గానీ అప్పగించినట్టు ప్రభుత్వ రికార్డుల్లో రుజువైన సేవకుణ్ణి పదవి నుంచి తీసేయాలి. నోటి మాట ఆరోపణ చాలదు. అయితే అలాంటివాడి చేతి మీదుగా అంతకుముందు అభిషేకం పొందినవాళ్ళు యోగ్యులైతే వాళ్ళ అభిషేకం చెల్లుతుంది. ఇచ్చినవాణ్ణి తొలగించు, ఇచ్చినదాన్ని రద్దు చేయకు. ఈ రెండూ ఒకే నియమంలో, ఒకే ఊపిరిలో చెప్పారు.

ఎందుకు చెల్లుతుంది? దీనికి కారణం వెతికి వివరించినవాడు ఉత్తర ఆఫ్రికాలోనే హిప్పో పట్టణానికి బిషప్ అయిన అగస్టీన్. బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఎవరిదైనా, ఇచ్చేవాడు క్రీస్తే అన్నది ఆయన వాదన. పేతురు ఇచ్చినా క్రీస్తే ఇస్తున్నాడు, యూదా ఇచ్చినా క్రీస్తే ఇస్తున్నాడు. రాతి తూము గుండా నీళ్ళు తోట మడుల్లోకి పారతాయి, తూములో ఏమీ మొలవదు, మడులు మాత్రం పండుతాయి అని ఆయనే ఒక ప్రసంగంలో చెప్పాడు. అవతలి వాదంలో ఉన్న చిక్కు కూడా ఆయన చూపించాడు. ఇచ్చేవాడి హృదయం శుద్ధంగా ఉంటేనే ఇచ్చింది చెల్లుతుందంటే, లోకంలో ఏ విశ్వాసికీ ధీమా మిగలదు. పాస్టరు గుండెలో ఏముందో ఎవరికి తెలుసు? ఇప్పటిదాకా దొరకని దొంగ రేపు దొరకవచ్చు. అప్పుడు అతని చేతి మీదుగా జరిగిన పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ప్రార్థనలు అన్నీ ఒక్క దెబ్బతో గాలిలో కలిసిపోవాలి.

ఈ తీర్పు తెలుగు సంఘాలకు దూరపు సంగతేమీ కాదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో 8వ అధికరణం డొనాటిస్టులను పేరు పెట్టి ఖండిస్తుంది. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ వారసత్వం ఆ ప్రమాణమే. ఇంగ్లండు సంఘపు 39 అధికరణాల్లో 26వది కూడా ఇదే చెబుతుంది. సేవకుడి అయోగ్యత బాప్తిస్మం, ప్రభువు బల్ల లాంటి సంస్కారాల ఫలితాన్ని ఆపదని రాసి, వెంటనే ఇంకో పేరా చేర్చింది. చెడ్డ సేవకుల మీద విచారణ జరపాలి, దోషం రుజువైతే పదవి నుంచి దించాలి. మళ్ళీ అవే రెండు సగాలు. మన దగ్గర సాధారణంగా మొదటి సగం ప్రసంగంలో వినిపిస్తుంది. రెండో సగం కమిటీ మీటింగ్‌లో వాయిదా పడుతుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని దాటేస్తే ఈ వాదన అంతా డొల్ల. "వారి ఫలములవలన మీరు వారిని తెలిసికొందురు" అన్నది క్రీస్తే. మీరు ఒకరినొకరు ప్రేమించుకుంటే దాన్ని బట్టే మీరు నా శిష్యులని అందరూ తెలుసుకుంటారని చెప్పిందీ ఆయనే. అంటే లోకానికి కొలబద్ద అందించింది క్రైస్తవ్యమే. మరి లోకం ఆ కొలబద్దతో కొలిచి, కొలత తగ్గిందంటే కోపమెందుకు?

కోపం తెచ్చుకునే హక్కు లేదు. విశ్వాసుల ప్రవర్తన సాక్ష్యమే, దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. అయితే అది దేనికి సాక్ష్యం అన్నది చూడాలి. ఫలాల మాట అబద్ధ ప్రవక్తల గురించి చెప్పింది. ఫలం చెడ్డదైతే ఆ మనిషి చెప్పుకుంటున్న హోదా అబద్ధమని తేలుతుంది. ఫలానా పాస్టరు దేవుడి మనిషి కాడని తేలవచ్చు, ఫలానా సంస్థ చెప్పుకునేంత పవిత్రమైంది కాదని తేలవచ్చు. అంతమాత్రాన ఆ మనిషి నోట వచ్చిన ప్రతి మాటా అబద్ధం కాదు. శాస్త్రులు, పరిసయ్యులు మోషే పీఠం మీద కూర్చున్నారు, వాళ్ళు చెప్పింది చేయండి, వాళ్ళు చేసేది చేయకండి, "వారు చెప్పుదురే గాని చేయరు" అని మత్తయి 23లో క్రీస్తు అన్నప్పుడు ఈ తేడానే చూపించాడు. ఆ అధ్యాయమంతా వేషధారుల మీద నిప్పులు కురిపిస్తుంది. అయినా ధర్మశాస్త్రం తప్పని ఒక్క ముక్క కూడా అనదు.

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికను ఈ దృష్టితో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఆ సంఘంలో ఒకడు తండ్రి భార్యను ఉంచుకున్నాడు. సభ్యులు ఒకరి మీద ఒకరు కోర్టుకు వెళ్తున్నారు. ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్ళు తాగి మత్తెక్కుతుంటే లేనివాళ్ళు ఆకలితో కూర్చుంటున్నారు. ఇదంతా దాచకుండా రాసిన అదే చేత్తో 15వ అధ్యాయంలో పౌలు విశ్వాసం దేని మీద నిలుస్తుందో, దేనితో కూలుతుందో చెప్పాడు: "క్రీస్తు లేపబడియుండనియెడల మేముచేయు ప్రకటన వ్యర్థమే, మీ విశ్వాసమును వ్యర్థమే." కొరింథువాళ్ళు మంచివాళ్ళు కాకపోతే వ్యర్థమని అనలేదు. పునరుత్థానం జరిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న. దాని మీద సాక్ష్యాలు చూసి ఎవరైనా ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు. కానీ ఒక విశ్వాసి దొంగ లెక్కలు రాస్తే ఆ ప్రశ్నకు జవాబు మారదు.

అయితే తెలుగు సంఘాలు తమ మెడకు తామే ఒక ఉరి తగిలించుకున్నాయి. మన సువార్త సభల్లో పునరుత్థానం కన్నా సాక్ష్యాలకే పెద్దపీట. తాగుబోతు మారాడు, రౌడీ పాస్టరయ్యాడు, సినిమా మనిషి రక్షణ పొందాడు, కాబట్టి ఇది నిజం అన్నది అక్కడి తర్కం. మారిన జీవితం రుజువైతే, మారని జీవితం వ్యతిరేక రుజువు కావాలి కదా? ఒకదాన్ని మైకులో వినిపించి, ఇంకోదాన్ని "మనుషుల్ని చూడకండి" అని పక్కన పెట్టడం కుదరదు. మనుషుల్ని చూపించింది మనమే. ఈ విషయంలో బయటివాళ్ళ విమర్శ న్యాయమైందే. అలాగే పక్క మతంలో ఒక బాబా అరెస్టయితే "వాళ్ళ మతమే అంత" అని నవ్విన క్రైస్తవుడికి, తన పాస్టరు అరెస్టయిన రోజున ఈ వ్యాసంలోని వాదన వాడుకునే అర్హత ఉండదు.

విశ్వాసుల తప్పును, విశ్వాసాన్ని వేరు చేసి చూడమనే మాట తప్పు చేసినవాడి పక్షం నుంచి వస్తే సాకులా ఉంటుంది. దెబ్బ తిన్నవాడి నోట వస్తే దాని బరువే వేరు. ఫ్రెడరిక్ డగ్లస్ అమెరికాలోని మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. అతని యజమాని థామస్ ఆల్డ్ 1832 ఆగస్టులో మెథడిస్టుల ఉజ్జీవ కూటానికి వెళ్ళి రక్షణ పొందాడు. ఇక బానిసలను విడిచిపెడతాడేమో, కనీసం కాస్త దయ చూపిస్తాడేమో అని డగ్లస్ ఆశపడ్డాడు. జరిగింది వేరు. ఆల్డ్ ఇంకా క్రూరంగా తయారయ్యాడు. పొద్దునా, మధ్యాహ్నం, రాత్రి ప్రార్థన చేసేవాడు. అవిటి చేతుల బానిస అమ్మాయిని కట్టేసి కొరడాతో కొడుతూ, యజమాని చిత్తం తెలిసీ చేయని దాసుడికి అనేక దెబ్బలు తగులుతాయన్న లూకా 12 వాక్యాన్ని వల్లించేవాడు. భక్తి గల యజమానులే అందరికన్నా చెడ్డవాళ్ళని డగ్లస్ రాశాడు. 1845లో ఆత్మకథ అచ్చు వేసినప్పుడు చివర ఒక అనుబంధం చేర్చి, ఈ దేశపు క్రైస్తవ్యానికీ క్రీస్తు క్రైస్తవ్యానికీ మధ్య ఉన్న తేడా చెప్పలేనంత పెద్దదని, ఒకదాన్ని మంచిదని ఒప్పుకోవాలంటే రెండోదాన్ని చెడ్డదని తోసేయక తప్పదని తేల్చాడు. కొరడా ఎలా ఉంటుందో ఒంటి మీద తెలిసిన మనిషి మాట ఇది.

డగ్లస్ చెప్పిన తేడా ఊహ కాదని చూపించే వస్తువు ఒకటుంది. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ఎంపిక చేసిన భాగాలతో ఒక బైబిల్ అచ్చు వేశారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాసత్వం నుంచి విడుదలైన కథ అందులో లేదు. "దాసుడని స్వతంత్రుడని లేదు" అన్న గలతీ పత్రిక వాక్యమూ లేదు. పాత నిబంధనలో అత్యధిక భాగం, కొత్త నిబంధనలో దాదాపు సగం తీసేశారు. బానిసత్వాన్ని నడిపించాలంటే బైబిల్‌కు అంత కత్తెర పట్టాల్సి వచ్చిందంటే, ఆ పుస్తకం ఎటు లాగుతోందో కత్తెర పట్టినవాళ్ళకే బాగా తెలుసు. నిజం చెప్పాలంటే, కత్తిరించకుండా ఉంచిన వాక్యాలు కూడా ఉన్నాయి. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ పత్రిక మాట అందులో భద్రంగా ఉంది. ఆ వాక్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది నేటికీ క్రైస్తవులు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. తప్పులన్నీ మనుషులవే, గ్రంథంలో చిక్కులేమీ లేవు అంటే అది అతిశయోక్తి అవుతుంది.

మన కాలంలో సిర్టా నాటి ప్రశ్నను అచ్చంగా మళ్ళీ లేపింది రవి జకరియస్ వ్యవహారం. 1946లో మద్రాసులో పుట్టి, క్రైస్తవ విశ్వాసాన్ని తర్కంతో సమర్థించడంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయన ప్రసంగాలు విని నమ్మినవాళ్ళు తెలుగువాళ్ళలోనూ ఎందరో ఉన్నారు. 2020 మేలో చనిపోయాడు. ఆయన సంస్థే నియమించిన న్యాయవాదుల విచారణ నివేదిక 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. ఏళ్ళ తరబడి మసాజ్ థెరపిస్టులతో సహా పలువురు మహిళలతో లైంగికంగా అనుచితంగా ప్రవర్తించాడని అందులో తేలింది. అంతకుముందు ఒక మహిళ ఫిర్యాదు చేసినప్పుడు సంస్థ ఆమెను నమ్మలేదు, ఆయన్నే వెనకేసుకొచ్చింది.

ఆయన మాట విని విశ్వాసంలోకి వచ్చినవాడి సంగతేమిటి? ఆర్ల్ నియమం ఇక్కడా సరిపోతుంది. ఒక వాదన బలం దాన్ని చెప్పినవాడి రాత్రుల మీద ఆధారపడదు. లెక్కల మాస్టారు దొంగైనా ఎక్కం మారదు. కానీ నియమంలోని తొలగించమన్న సగం కూడా అంతే గట్టిగా వర్తించాలి. ఆయన పేరున్న బోర్డు దిగాలి, పుస్తకాలు అల్మరా దిగాలి, తాను నమ్మకుండా తోసేసిన ఆ మహిళకు సంస్థ క్షమాపణ చెప్పాలి. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆయన చేసిన వాదనల్లో కొన్ని "మారిన జీవితం" మీద నిలబడ్డవే. వాటికి దెబ్బ తగిలింది, తగలాల్సిందే.

ఈ వాదనకున్న అసలైన పరీక్ష తప్పును బయటపెట్టే దగ్గర వస్తుంది. ఐర్లండ్‌లోని డబ్లిన్ అగ్రపీఠంలో 1975 నుంచి 2004 వరకు పిల్లల మీద జరిగిన లైంగిక దాడుల ఫిర్యాదులను ఎలా నడిపారో విచారించిన మర్ఫీ కమిషన్ నివేదిక 2009 నవంబరులో అచ్చయింది. పెద్దలు దేని గురించి తాపత్రయపడ్డారో అందులో సూటిగా రాశారు: రహస్యం కాపాడటం, అపకీర్తి రాకుండా చూడటం, సంఘం పేరు నిలబెట్టడం, ఆస్తులు దక్కించుకోవడం. పిల్లల క్షేమం వీటన్నిటి కిందికి పోయింది. అమెరికాలో 1950 నుంచి 2002 మధ్య ఆరోపణలు ఎదుర్కొన్న కథోలిక గురువులు 4,392 మంది అని జాన్ జే కాలేజీ 2004లో లెక్క తేల్చింది. అక్కడా ఒక చోట ఫిర్యాదు వస్తే ఇంకో చోటికి బదిలీ చేసిన సంఘటనలు ఎన్నో.

"విశ్వాసానికి చెడ్డపేరు రాకూడదు" అన్నదే ఆ దాపరికానికి చెప్పుకున్న కారణం. ఇందులో ఎంత వైరుధ్యం ఉందో చూడండి. గురువు తప్పు బయటపడితే విశ్వాసం కూలుతుందని భయపడినవాడు, విశ్వాసం గురువు మంచితనం మీద నిలబడి ఉందని లోలోపల నమ్ముతున్నట్టే. అగస్టీన్ చెప్పింది నిజంగా నమ్మితే దాచాల్సిన అవసరమే లేదు. క్రీస్తు సత్యం పాస్టరు కీర్తి మీద ఆధారపడకపోతే, పాస్టరు కీర్తిని బతికించడం కోసం ఒక అమ్మాయి నోరు మూయించడానికి కారణమేముంది? కాబట్టి "విశ్వాసుల తప్పులు విశ్వాసాన్ని అబద్ధం చేయవు" అన్న మాటను నమ్మినవాళ్ళే అందరికన్నా ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలి. ఆ మాట చెబుతూ ఫిర్యాదును తొక్కిపెట్టేవాళ్ళు దాన్ని నమ్మడం లేదు, వాడుకుంటున్నారు.

అగస్టీన్‌ను కూడా పీఠమెక్కించక్కర్లేదు. మొదట్లో ఆయన డొనాటిస్టులను వాదనతోనే గెలవాలన్నాడు. డొనాటిస్టుల వైపు దుడ్డుకర్రలు పట్టుకు తిరిగే మూకలు ఉండేవి, అది నిజమే. కానీ 405లో చక్రవర్తి చట్టం చేసి వాళ్ళను అణచడం మొదలుపెట్టాక ఆయన అభిప్రాయం మారింది. 408లో రాసిన ఒక ఉత్తరంలో ఆ మార్పును ఒప్పుకుని, బలవంతాన్ని సమర్థించాడు. విందుకు జనాన్ని బలవంతంగానైనా తీసుకురమ్మన్న లూకా 14 ఉపమానాన్ని అందుకు వాడుకున్నాడు. తర్వాతి శతాబ్దాల్లో మతం పేరిట హింసించినవాళ్ళకు ఆ మాటలు బాగా పనికొచ్చాయి. "కోతకాలమువరకు రెంటిని కలిసి యెదుగనియ్యుడి" అన్న గోధుమలు, గురుగుల ఉపమానాన్ని డొనాటిస్టుల మీద ఎక్కువగా ప్రయోగించింది ఆయనే. తన చేతికి కొడవలి వచ్చాక ఆయనే కోతకాలం దాకా ఆగలేకపోయాడు.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న కులం రూపంలో వచ్చింది. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నవాళ్ళు పెళ్ళి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడుగుతారు. సంఘ ఎన్నికల్లో మాల, మాదిగ ఓట్ల లెక్కలు నడుస్తాయి. రెడ్డి, కమ్మ క్రైస్తవులకు తమ కులం గుర్తుండే ఉంటుంది. యూదుడు, గ్రీకు అన్న తేడా లేదని చదివే సంఘంలో ఇది చిన్న తప్పు కాదు.

దీనికి దగ్గరి జబ్బును బయటపెట్టిన విశ్వాసి డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. అంతకు రెండేళ్ళ ముందు, 1910 జూన్‌లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి వాళ్ళ అహంకారం గురించి మాట్లాడాడు. భారతీయులతో కలిసి పనిచేస్తారు గానీ వాళ్ళను సమానులుగా చూడరన్నది ఆయన ఫిర్యాదు. మీరు పేదల కోసం మీ ఆస్తులిచ్చారు, కాల్చబడటానికి మీ శరీరాలిచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులనివ్వండి అని ముగించాడు. అది కొరింథు పత్రిక 13వ అధ్యాయంలోని మాట. ఆస్తి పంచినా, శరీరం కాల్చుకున్నా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని అక్కడ ఉంది. మిషనరీలు తెచ్చిన పుస్తకంతోనే మిషనరీలను కొలిచాడు. హాలులో కొందరికి కోపమొచ్చింది. ఆయన మాత్రం విశ్వాసాన్ని వదలలేదు, కొలవడమూ మానలేదు. 1945లో చనిపోయేదాకా డోర్నకల్‌లోనే పనిచేశాడు.

గుర్రం జాషువా కథ ఇంత సూటిగా సాగదు. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. సాహిత్య సభల్లో అగ్రవర్ణాలు కులం పేరుతో అవమానించాయి. పురాణాలు చదువుతున్నాడని, ఆ కథలతో పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు దూరం పెట్టారు. ఆయన్ని సంఘానికి నమ్మకమైన సభ్యుడని చెప్పుకోవడం అన్యాయం. కులమతాల గీతల మధ్య ఇమడనని, తాను విశ్వనరుణ్ణని ప్రకటించుకున్న కవి ఆయన. అయినా అదే జాషువా క్రీస్తు చరిత్రను కావ్యంగా రాశాడు, దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సంఘం ఆయనకు చేసిన గాయం క్రీస్తును ఆయనకు పరాయివాణ్ణి చేయలేకపోయింది. అలాగని అది సంఘం గొప్పతనం కాదు. సంఘానికి ఆ కావ్యం మీద చెప్పుకునే వాటా పెద్దగా లేదు.

చివరగా, పాస్టరును ప్రశ్నించగానే మన దగ్గర బయటికి తీసే వాక్యం గురించి. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న 105వ కీర్తన మాట పరాయి రాజుల మధ్య దిక్కులేకుండా తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకుల గురించి చెప్పింది. అధికారంలో ఉన్నవాడి నుంచి బలహీనుణ్ణి కాపాడే వాక్యాన్ని, బలహీనుడి ఫిర్యాదు నుంచి అధికారంలో ఉన్నవాణ్ణి కాపాడటానికి తిప్పారు. దావీదు అభిషిక్తుడే. ఊరియా భార్యను తెచ్చుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాక, నాతాను అంతఃపురానికి వెళ్ళి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అభిషిక్తుణ్ణి ముట్టకూడదని నాతానుకు ఎవరూ గుర్తు చేయలేదు. ఆ పాపాన్ని రాజవంశపు చరిత్రలోంచి ఎవరూ కొట్టేయలేదు కూడా. మత్తయి సువార్త మొదటి పేజీలో, యేసు వంశావళిలోనే, సొలొమోను తల్లిని "ఊరియా భార్యగానుండిన ఆమె" అనే రాశారు. పెద్దల మీద ఆరోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని తిమోతికి రాసిన పౌలు, పాపం చేసినవాళ్ళను అందరి ఎదుటా గద్దించమని వెంటనే తర్వాతి వాక్యంలో చెప్పాడు. మన సంఘాల్లో మొదటి వాక్యం అందరికీ కంఠతా వచ్చు. రెండోదాని మీద ప్రసంగం దొరకడం కష్టం.